డెఫినిషన్లు అన్నీ వచ్చు, పరీక్షలో థీమ్ మాత్రం రాయలేదు: ఏం చేయాలి?

రాజోలు దగ్గర పల్లెటూరి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. ప్లాట్, సెట్టింగ్, కాన్‌ఫ్లిక్ట్, థీమ్, సిమిలీ, మెటఫర్, ఐరనీ... అన్నిటి డెఫినిషన్లూ గడగడా అప్పజెబుతుంది. పరీక్షలో తెలియని కథ ఒకటి ఇచ్చి దీని థీమ్ ఏమిటంటే మాత్రం పెన్ను కదలదు. "నాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఇంట్లో నేను ఏమైనా సాయం చేయగలనా? గైడు కొనాలా?" అని ఆయన అడిగారు.

అండీ, ముందుగా ఒక మాట. మీ అమ్మాయికి జ్ఞాపకశక్తి లోపం లేదు, తెలివి లోపం అసలే లేదు. డెఫినిషన్లు నోట్సులో ఉన్నాయి, కథ పుస్తకంలో ఉంది. ఈ రెండిటినీ కలిపి చూపించినవాళ్ళు లేరు, అంతే. "సెట్టింగ్ అంటే కథ జరిగే కాలం, ప్రదేశం" అని పదిసార్లు రాయించడం సులువు. "ఈ కథలో సెట్టింగ్ ఏ వాక్యంలో తెలిసింది, వేలు పెట్టి చూపించు" అని అడగడానికి ఓపిక కావాలి. కోనసీమ హైస్కూళ్ళలో చాలాకాలంగా ఇంగ్లీషు చెబుతున్నదాన్ని. క్లాసులో నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే: ముందు వాక్యం, తర్వాత పేరు. కథలో ఒక వాక్యం దగ్గర పిల్ల ఆగాలి, ఇక్కడేదో ఉందని తనకే అనిపించాలి. దాన్ని ఏమంటారో ఆ తర్వాత చెప్పినా ఏం నష్టం లేదు.

అందుకని ఒక చిన్న కథ చెబుతాను. ఈ జవాబు కోసమే అల్లాను. ఈ పదాలు ఇంగ్లీషు కథలకే కాదు, ఏ భాష కథకైనా పనికొస్తాయి కాబట్టి తెలుగులోనే చెబుతున్నాను. మీరిద్దరూ కలిసి చదవండి.

"గోదావరి వశిష్ఠ పాయలో, నది మధ్య ఒక లంక. జూలై. గోదావరి ఎర్రబడి వారమైంది. మంగ తొమ్మిదో తరగతి. తాతయ్య, మామ్మలతో ఉంటుంది. అరుగు మీద, గోడకి మోకాలెత్తున ఒక గీత ఉంది. 1986 వరద అక్కడిదాకా వచ్చిందని తాతయ్య మేకుతో గీశాడు. సున్నం వేసినప్పుడల్లా మళ్ళీ గీస్తాడు. ఆ ఏడు లంక జనాన్ని తన పడవలో గట్టుకు చేర్చింది ఆయనే. 'ఆ గీత దాటి గోదారి రాదు. దానికి హద్దు తెలుసు' అంటాడు.

ఆ రోజు పొద్దున వాకిట్లో నీళ్ళు. చీమలు గుడ్లు మోసుకుంటూ గోడెక్కుతున్నాయి. గీత దగ్గర ఆగలేదు, ఇంకా పైకి పోయాయి. మంగ చూసింది. తాతయ్యతో చెబుదామని నోరు తెరిచి ఊరుకుంది. మధ్యాహ్నం ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చారు. లంకలో కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు. తాతయ్య గేదెను అరుగెక్కించి, నిమ్మళంగా గడ్డి వేస్తున్నాడు. 'అవును మరి, గోదారి మీ తాతని అడిగే వస్తుంది' అంటూ మామ్మ మూట కట్టుకుంది.

చీకటి పడేసరికి నీళ్ళు గీతను తాకాయి. పడవ వచ్చింది. నడుపుతున్నవాడు, 1986లో తాతయ్య గట్టుకు చేర్చిన చంటిపిల్లాడే. తాతయ్య ఎక్కనన్నాడు. మంగ వెళ్ళి గేదె పలుపు విప్పేసింది. 'నువ్వు రాకపోతే నేనూ రాను' అంది. తాతయ్య మాటకి ఆ పిల్ల ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన లేచి పడవెక్కాడు. గేదె పడవ వెనకే ఈదుకుంటూ వచ్చింది.

నీళ్ళు తీశాక గోడ మీద ఒండ్రు మరక పాత గీతకి జానెడు పైన ఉంది. తాతయ్య కాసేపు చూసి, మేకు తెచ్చి మంగ చేతిలో పెట్టాడు. 'నువ్వు గియ్యి' అన్నాడు."

ఇక సెట్టింగ్. "వశిష్ఠ పాయలో లంక, జూలై నెల" అని రాస్తే సగం జవాబు. ఆ చోటు, ఆ కాలం కథకి ఏం చేస్తున్నాయన్నది మిగతా సగం. ధవళేశ్వరం బ్యారేజీ దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. ఊళ్ళకి ఏటిగట్ల రక్షణ ఉంది, లంకలు మాత్రం గట్లకి నదివైపున ఉండిపోయాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక అనే రెండు మాటలు వింటే లంకవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అమ్మాయిని ఇలా అడగండి: "ఇదే కథని అనంతపురం వైపు మెట్ట ఊళ్ళో పెడితే నడుస్తుందా?" నడవదు. గీత ఉండదు, పడవ ఉండదు, తాతయ్య పంతానికి అర్థమే ఉండదు. చోటు మార్చగానే పడిపోయే కథలో సెట్టింగ్ గురించి రాయడానికి చాలా ఉంటుంది. మార్చినా నడిచే కథ అయితే రెండు ముక్కలతో సరిపెట్టొచ్చు. తెలియని ఇంగ్లీషు కథలో మంచు తుఫానో, లండన్ వీధో వచ్చినా ఇదే ప్రశ్న పనికొస్తుంది.

క్యారెక్టర్ దగ్గర పిల్లలు విశేషణాల దండ గుచ్చుతారు. దయ గలవాడు, ధైర్యవంతుడు, మొండివాడు, కష్టజీవి అని. పేపర్ దిద్దేవాళ్ళు ఆ దండకి మార్కులు వేయరు. ఒక్క విశేషణం చాలు, దాని పక్కనే కథలోంచి ఒక పని గానీ ఒక మాట గానీ చూపించాలి. తాతయ్య మొండివాడని ఎలా తెలిసింది? వాకిట్లోకి నీళ్ళొచ్చినా నిమ్మళంగా గేదెకి గడ్డి వేస్తున్నాడు. బాధ్యత గలవాడని ఎలా తెలిసింది? ఒకప్పుడు ఊరినంతా గట్టుకు చేర్చాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి కాబట్టే ఆయన మీద మనకి కోపం రాదు. ఇలా రెండు మూడు వైపులున్న మనిషిని, మనల్ని నమ్మిస్తూనే ఆశ్చర్యపరచగలవాణ్ని, రౌండ్ క్యారెక్టర్ అంటారు. ఒకే గుణంతో గుర్తుండిపోయేవాళ్ళు ఫ్లాట్. మన కథలో మామ్మ ఫ్లాట్, ఆమెకున్నదల్లా ఆ పదునైన నోరే. ఫ్లాట్ అంటే తక్కువరకం అని పిల్లలు అనుకుంటారు, అది తప్పు. చిన్న కథలో అందరూ రౌండ్ అయితే కథకి చోటే మిగలదు. ఈ రెండు పేర్లూ ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో నవల మీద రాసిన పుస్తకం నుంచి వచ్చాయి.

ప్రొటాగనిస్ట్ అంటే హీరో అనీ, యాంటాగనిస్ట్ అంటే విలన్ అనీ సినిమా లెక్కలో రాసేస్తారు. ప్రొటాగనిస్ట్ అంటే కథ ఎవరి చుట్టూ తిరుగుతోందో ఆ మనిషి, మంచివాడే అవ్వక్కర్లేదు. యాంటాగనిస్ట్ అంటే ఆ మనిషికి అడ్డం వచ్చే శక్తి, అది మనిషే అవ్వక్కర్లేదు. ఇక్కడ గోదావరి అడ్డం వస్తోంది, తాతయ్య నమ్మకమూ అడ్డం వస్తోంది. మరి ప్రొటాగనిస్ట్ తాతయ్యా, మంగా? నా ఓటు మంగకే. మొదట్లో నోరు తెరిచి ఊరుకున్న పిల్ల చివరికి ఎదురు చెప్పింది, ఆమె నిర్ణయంతోనే కథ మలుపు తిరిగింది. మీ అమ్మాయి తాతయ్య అంటే కాదనకండి. "ఎందుకు?" అని మాత్రం అడగండి.

కాన్‌ఫ్లిక్ట్ ఎక్కడుందంటే పిల్లలు వెంటనే వరద అంటారు. మనిషికీ ప్రకృతికీ మధ్య సంఘర్షణ, నిజమే. తాతకీ మనవరాలికీ మధ్య ఉన్నది మనిషికీ మనిషికీ. కానీ ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం "నోరు తెరిచి ఊరుకుంది". మంగకి తనతో తనకే పోరాటం అక్కడ జరుగుతోంది. కళ్ళతో చూసింది చెప్పాలా, పెద్దాయన మాటకి గౌరవం ఇవ్వాలా? ఇది ఇంటర్నల్ కాన్‌ఫ్లిక్ట్. బయటి గొడవ ఎవరికైనా కనిపిస్తుంది. లోపలి గొడవని ఒక చిన్న వాక్యంలో పట్టుకున్న పిల్ల కథ చదవడం నేర్చుకున్నట్టే.

ప్లాట్ అడిగితే చాలామంది కథని మొదటి నుంచి చివరిదాకా తిరగరాస్తారు. అది సమ్మరీ అవుతుంది, ప్లాట్ కాదు. ఇందాక చెప్పిన ఫార్‌స్టరే ఈ తేడాని తేలికగా చెప్పాడు. రాజు చనిపోయాడు, ఆ తర్వాత రాణి చనిపోయింది అంటే అది కథ. రాజు చనిపోయాడు, ఆ దుఃఖంతో రాణి చనిపోయింది అంటే అది ప్లాట్. తర్వాత ఏమైంది అన్నదానికి జవాబు కథ, ఎందుకైంది అన్నదానికి జవాబు ప్లాట్. 1986లో నీళ్ళు ఆ గీత దాటలేదు కాబట్టి తాతయ్య కదలలేదు, ఆయన కదలలేదు కాబట్టి మంగ నోరు విప్పాల్సి వచ్చింది. ఈ "కాబట్టి"లు రాయడం అలవాటైతే ప్లాట్ వచ్చేసినట్టే.

నోట్సులో కొండ ఆకారం బొమ్మ ఒకటి ఉంటుంది చూడండి, ఎక్స్‌పొజిషన్ (పరిచయం), రైజింగ్ యాక్షన్ (ముదరడం), క్లైమాక్స్ (శిఖరం), ఫాలింగ్ యాక్షన్ (దిగడం), రిజల్యూషన్ (ముగింపు) అని. అది గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత 1863లో నాటకాల నిర్మాణం గురించి రాసిన పుస్తకం నుంచి వచ్చింది. ఆయన గ్రీకు నాటకాలనూ షేక్‌స్పియర్ ఐదంకాల నాటకాలనూ చూసి గీసిన లెక్క అది, కాబట్టి ప్రతి చిన్న కథా ఆ కొండలో ఇమడదు. ఇమడకపోతే పిల్ల తప్పు కాదు. భరతుడి నాట్యశాస్త్రం కూడా నాటకంలో పనికి ఐదు దశలు చెప్పింది: ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ (ఫలం దొరుకుతుందన్న ఆశ), నియతాప్తి (దొరకడం ఖాయమవడం), ఫలాగమం (ఫలం అందడం). ఈ రెండూ ఒకటే అని నేను అనను. మన ఐదూ ఫలం చేతికందే వైపు నడుస్తాయి, ఫ్రైటాగ్ కొండలో శిఖరం తర్వాత పతనం ఉంటుంది. విషాదాంత నాటకం పాఠంగా వచ్చినప్పుడు ఈ తేడా గుర్తుంటే బాగా రాయొచ్చు.

క్లైమాక్స్ గురించి క్లాసులో ఎప్పుడూ వాదన జరుగుతుంది. నీళ్ళు గీతను తాకడమే క్లైమాక్స్ అంటారు పిల్లలు, ఎందుకంటే అక్కడ టెన్షన్ ఎక్కువ. టెన్షన్ ఒక్కటే గుర్తు కాదండీ. ఇక వెనక్కి తిరగడం కుదరని క్షణం ఏదో చూడాలి. నీళ్ళు తాకాక కూడా తాతయ్య అరుగు మీద అలాగే కూర్చుని ఉండొచ్చు. మంగ పలుపు విప్పి ఆ మాట అన్నాక కూర్చోలేడు. నా లెక్కలో క్లైమాక్స్ అదే.

పాయింట్ ఆఫ్ వ్యూ మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను, ఎందుకంటే దీన్ని 'అభిప్రాయం' అనుకుని తాతయ్య అభిప్రాయం రాసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అడుగుతున్నది కథ ఎవరి కళ్ళలోంచి చెబుతున్నారని. "నేను చీమల్ని చూశాను" అంటే ఫస్ట్ పర్సన్, మంగే చెబుతోంది. "మంగ చూసింది" అని రాసి, మొదటి నుంచి చివరిదాకా మంగకి తెలిసిందే చెబితే థర్డ్ పర్సన్ లిమిటెడ్. ఎవరికీ తెలియని విషయం కూడా రచయిత మనకి చెప్పేస్తే థర్డ్ పర్సన్ ఆమ్నీషియంట్. మన కథ ఈ మూడిటిలో ఏది? ఒకే ఒక వాక్యం తేల్చేస్తుంది. "మధ్యాహ్నం ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఇచ్చారు." కరెంటూ ఫోనూ లేని లంకలో ఈ సంగతి మంగకీ తెలియదు, తాతయ్యకీ తెలియదు. మనకి మాత్రం తెలుసు. కాబట్టి ఆమ్నీషియంట్.

ఇప్పుడు ఒక పని చేయించండి. ఆ పేరాని మంగ నోటితో మళ్ళీ రాయమనండి. "నేను వాకిట్లో నీళ్ళు చూశాను, చీమలు చూశాను, తాతయ్య గడ్డి వేస్తున్నాడు." మూడో హెచ్చరిక వాక్యం దానంతట అదే పోతుంది, ఎందుకంటే మంగకి తెలియదు కాబట్టి చెప్పలేదు. దాంతోపాటు ఇంకోటి కూడా పోతుంది. ఇందాక తాతయ్య నిమ్మళంగా గడ్డి వేస్తుంటే మనకి లోపల్లోపల కంగారు పుట్టింది, అయ్యో, ఈయనకి ఇంకా తెలియదే అని. ఆ కంగారు పోతుంది. పాఠకుడికి తెలిసి, పాత్రకి తెలియకపోవడం వల్ల పుట్టే దాన్ని డ్రమాటిక్ ఐరనీ అంటారు. పాయింట్ ఆఫ్ వ్యూ మార్చగానే ఐరనీ మాయమైంది చూశారా? ఈ పదాలు నోట్సులో ఒక్కోటి ఒక్కో గడిలో ఉంటాయి గానీ కథలో ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఒక పేరాని ఇలా రెండు రకాలుగా రాసి చూసుకున్న పిల్లకి ఈ రెండు పదాల గురించీ మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఐరనీ ఎలాగూ వచ్చింది కాబట్టి మిగతా రెండూ ఇక్కడే. "గోదారి మీ తాతని అడిగే వస్తుంది" అని మామ్మ అన్నప్పుడు ఆమె చెప్పదలుచుకుంది సరిగ్గా దానికి వ్యతిరేకం. అది వెర్బల్ ఐరనీ. గోదావరి జిల్లాల పిల్లలకి దీన్ని నేర్పించనే అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళ మాటల్లో పొద్దున్నుంచీ వింటూనే ఉంటారు. ఒకప్పుడు అందర్నీ రక్షించినవాణ్ని ఇప్పుడు రక్షించాల్సి రావడం, అదీ అతను ఒడ్డుకు చేర్చిన పసివాడే పెద్దయ్యి పడవ తేవడం, సిచ్యుయేషనల్ ఐరనీ. మనం అనుకున్నదొకటి, జరిగింది దానికి ఎదురు. అయితే అనుకోకుండా జరిగిన ప్రతిదీ ఐరనీ కాదు. గొడుగు లేని రోజు వాన పడితే అది దురదృష్టం, అంతే.

థీమ్‌కి వద్దాం, మీ అసలు బాధ అక్కడే కదా. పిల్లలు రాసేవి మూడు రకాలు. మొదటిది, "థీమ్: వరద." అది టాపిక్. రెండోది, "థీమ్: పెద్దవాళ్ళు పంతం పట్టకూడదు." అది మోరల్, అంటే నీతి. నీతి కథ చివర నీతి రాసే అలవాటు చిన్నప్పటి నుంచి ఉండటం వల్ల చేయి అటే పోతుంది. మూడోది థీమ్. టాపిక్ గురించి కథ మనకి ఏం చూపించిందో ఒక పూర్తి వాక్యంలో చెప్పడం. టాపిక్ ఒకటి రెండు మాటల్లో ఉంటుంది, నీతి 'చేయాలి, చేయకూడదు' అంటుంది, థీమ్ 'ఇలా ఉంటుంది' అంటుంది.

మన కథలో థీమ్ ఎలా పట్టుకోవాలి? మొదట మారింది ఏమిటో వెతకమనండి. మొదట్లో గీత గీసే చేయి తాతయ్యది, చివర్లో మంగది. మొదట్లో మంగ ఊరుకుంది, చివర్లో మాట్లాడింది. ఎక్కడ మార్పు ఉందో థీమ్ దాని పక్కనే ఉంటుంది. రెండోది, పదేపదే వచ్చే వస్తువు ఏమిటో చూడమనండి. గీత. ఇక వాక్యం కట్టొచ్చు: "మనిషిని ఒకప్పుడు కాపాడిన అనుభవమే, దాన్ని పట్టుకుని కూర్చుంటే అతన్ని ప్రమాదంలోకి నెడుతుంది." ఇది ఒక థీమ్. "ఇంట్లో పెద్దరికం మాట వినడం వల్ల కాక, అవసరమైనప్పుడు మాట చెప్పడం వల్ల తర్వాతి తరానికి అందుతుంది." ఇదీ థీమే. ఒక కథకి ఒకే థీమ్ ఉండాలని ఏ రూలూ లేదు, పిల్లలు ఇది తెలియకే భయపడతారు. కావలసింది ఆధారం. నువ్వు రాసిన వాక్యానికి కథలో కనీసం రెండు చోట్ల సాక్ష్యం దొరికితే ధైర్యంగా ఉంచు, దొరక్కపోతే మార్చు. పై మొదటి వాక్యానికి సాక్ష్యం "దానికి హద్దు తెలుసు" అన్న మాట ఒకటి, జానెడు పైనున్న ఒండ్రు మరక ఇంకోటి. ఇంగ్లీషులో రాసేటప్పుడు జవాబు "ద స్టోరీ షోస్ దట్" అని మొదలుపెట్టమని చెబుతాను. ఆ 'దట్' తర్వాత పూర్తి వాక్యం రాయక తప్పదు, ఒక్క మాట రాసి ఆగిపోవడం కుదరదు.

టోన్, మూడ్ రెండూ ఒకటే అనుకుంటారు. చదువుతున్న మనకి కలిగేది మూడ్, రాసినవాడికి ఆ విషయం పట్ల ఉన్న వైఖరి టోన్. "లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యాయి" అన్న వాక్యంలో టోన్ వార్తాపత్రికది, ఇటూ అటూ మొగ్గదు. "మళ్ళీ వచ్చింది తల్లి, పిలవకుండానే" అంటే కష్టం చెప్పుకుంటూనే చనువు వదలని టోన్. నీళ్ళు అవే. తెలుగు క్లాసులో రసం గురించి చదువుకున్న పిల్లలు మూడ్‌ని తొందరగా పట్టుకుంటారు.

ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ విషయంలో మన పిల్లల చేతిలో పెద్ద ఆస్తి ఉంది, దాన్ని వాడుకోమని చెప్పేవాళ్ళు తక్కువ. తెలుగు పీరియడ్‌లో అలంకారాలు నేర్చుకుంటారు, తర్వాతి పీరియడ్‌లో అవే ఇంగ్లీషులో కొత్తగా బట్టీ పడతారు. "గోదావరి పాములా మెలికలు తిరిగింది." ఇది ఉపమ, ఇంగ్లీషులో సిమిలీ. గోదావరి ఉపమేయం, పాము ఉపమానం, మెలికలు తిరగడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. తెలుగు పరీక్షలో ఈ నాలుగూ విడదీసి రాసే పిల్లకి ఇంగ్లీషు సిమిలీ ఎంత పని? 'లైక్', 'యాజ్' ఆ ఉపమావాచకాలే. ఉపమేయ, ఉపమానాలకి ఇప్పుడు ఇంగ్లీషులో వాడే టెనర్, వెహికల్ అన్న పేర్లని ఐ. ఎ. రిచర్డ్స్ అనే విమర్శకుడు 1936లో పెట్టాడు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన నాలుగు అలంకారాల్లో ఉపమ, రూపకం రెండూ ఉన్నాయి, మిగతావి దీపకం, యమకం.

"ఈ గోదావరి ఎర్రటి పాము" అంటే పోలిక మాట ఎగిరిపోయింది, రెండూ ఒకటే అనేశాం. రూపకం, మెటఫర్. "గోదావరికి కోపం వచ్చింది" అంటే మనిషికి ఉండే గుణం నదికి అంటగట్టాం. పర్సొనిఫికేషన్. మన కథలో తాతయ్య "దానికి హద్దు తెలుసు" అన్నది కూడా ఇదే, నదికి ఏదో తెలుసని అన్నాడు కాబట్టి. ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కించండి: ఆయన ఎందుకలా అన్నాడు? నదిని తనకి తెలిసిన మనిషిలా చూస్తున్నాడు, తెలిసినవాళ్ళు మోసం చేయరని నమ్మకం. అలంకారం పేరు రాస్తే ఒక మార్కు, అది పాత్ర గురించి ఏం చెబుతోందో రాస్తే పూర్తి మార్కులు.

అతిశయోక్తి హైపర్‌బోలీ. అంత్యానుప్రాస ఎండ్ రైమ్. వృత్త్యనుప్రాస అలిటరేషన్‌కి దగ్గర, అయితే ఇంగ్లీషులో సాధారణంగా మాటల మొదట్లో వచ్చే శబ్దాన్నే లెక్కపెడతారు, అక్షరాన్ని కాదు. గలగల, జలజల లాంటి, శబ్దాన్ని అనుకరించే మాటలు ఆనమటోపియా. ఉత్ప్రేక్షకి స్కూలు ఇంగ్లీషులో వేరే పేరు లేదు, 'యాజ్ ఇఫ్' అని వచ్చే దాన్ని సిమిలీ కిందే రాయాలి. వీటి మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు.

సింబల్‌కి మెటఫర్‌కి తేడా అడుగుతారు. మెటఫర్‌లో పాము నిజంగా లేదు. సింబల్‌లో వస్తువు కథలో నిజంగా ఉంటుంది, ఉంటూనే ఇంకో అర్థం కూడా మోస్తుంది. గీత నిజమైన గీతే, వరద కొలత. అదే తాతయ్య అనుభవం, ఆయన గర్వం కూడా. మేకు చేతులు మారడంతో ఆ అర్థం కూడా చేతులు మారింది. ఎర్రనీరు కనిపించగానే 'ఎరుపు రక్తానికి సింబల్' అని రాసేవాళ్ళుంటారు. రంగులకీ పువ్వులకీ సింబల్ జాబితా బట్టీ పట్టించకండి. ఆ వస్తువు కథలో మళ్ళీ మళ్ళీ వచ్చిందా, దానివల్ల ఏదైనా మారిందా చూడమనండి.

చీమల వాక్యం ఫోర్‌షాడోయింగ్, అంటే రాబోయేదానికి ముందే ఇచ్చిన సూచన. గీత దాటి పైకి పోయాయి అని చదివినప్పుడు మామూలుగానే ఉంది, చివర్లో జానెడు పైన మరక చూశాక వెనక్కి వెళ్ళి ఓహో అనుకుంటాం. ఫ్లాష్‌బ్యాక్ దీనికి ఎదురు, కథ ఆపి గతంలోకి తీసుకెళ్తుంది. మన కథలో 1986 ప్రస్తావన ఉంది గానీ ఆ రాత్రి దృశ్యంగా నడవలేదు, కాబట్టి దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అనకుండా బ్యాక్‌స్టోరీ, అంటే వెనకటి సంగతి, అనడం మంచిది.

ఇప్పుడు మీ వంతు. ఇంగ్లీషు అంతగా రాదన్నారు. ఈ పనికి అది అడ్డం కాదు, నిజానికి కొంత మేలు కూడా. మీకు అర్థం కావాలంటే ఆమె కథని తెలుగులో చెప్పాలి, చెబుతున్నప్పుడే తనకి అర్థం కానిది ఏదో తనకే తెలిసిపోతుంది. చెప్పాక మీరు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది వేరే ఊళ్ళో జరగొచ్చా? ఎవరికి ఏం కావాలి, అడ్డం ఏమొచ్చింది? ఈ కథ ఎవరు చెబుతున్నారు, వాళ్ళకి ఇదంతా ఎలా తెలుసు? మొదటికీ చివరికీ ఏం మారింది? జవాబు చెప్పిన ప్రతిసారీ "ఏ లైన్లో ఉంది?" అని అడిగి పుస్తకంలో వేలు పెట్టించండి. మీకు ఆ లైను చదవడం రాకపోయినా ఫరవాలేదు, ఆమె వెతికిందా లేదా అన్నదే ముఖ్యం. ఆలోచన తెలుగులో తేలాక ఇంగ్లీషులో రాయడం భాష పని, అది వేరే సాధన. రెండూ ఒకేసారి మోయమంటే పిల్లలు తడబడతారు. వారానికి ఒక కథ చాలు, రోజూ వద్దు.

పరీక్షలో తెలియని కథ వచ్చినప్పుడు ముందు కింద ప్రశ్నలు చదివి, తర్వాత కథ చదవమనండి. చదువుతూ మార్పు కనిపించిన చోటా, వింతగా అనిపించిన వాక్యం దగ్గరా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోవాలి. జవాబు మూడు వాక్యాలు: ఒకటి పదం పేరుతో తన మాట, రెండోది కథలోంచి ఆధారం, మూడోది ఆ ఆధారం తన మాటని ఎలా నిలబెడుతోందో. ఎక్కువమంది మూడో వాక్యం వదిలేస్తారు, మార్కులు పోయేది అక్కడే.

గైడు సంగతి. కథల సమ్మరీలూ రెడీమేడ్ థీమ్‌లూ ఉన్న గైడు కొనకండి, అది చదివాక పిల్ల ఇక సొంతంగా వెతకదు. పదాల పట్టిక ఒకటి ఉంటే చాలు, అదీ స్పెల్లింగుల కోసం. ఆనమటోపియా, ఫోర్‌షాడోయింగ్, ప్రొటాగనిస్ట్ చూడకుండా రాయగలగాలి. సిమిలీని సిమైల్ అని పలికితే ఒకసారి సరిదిద్దండి. తొందరలో ఒక అక్షరం జారిపోయి స్మైల్ అని రాసిన పేపర్లు ప్రతి ఏడాదీ నా చేతికి వస్తూనే ఉంటాయి.